పోయిన చెత్తబుట్టకు ఎవరు చెల్లించాలి?

2021 అక్టోబరు 2న విజయవాడలో 'క్లీన్ ఆంధ్రప్రదేశ్ - జగనన్న స్వచ్ఛ సంకల్పం' ప్రారంభమైనప్పుడు, పట్టణాలలోని ప్రతి ఇంటికీ మూడు చెత్తబుట్టలు ఇవ్వాలన్నది సంకల్పం. తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం, హానికరమైన వ్యర్థాలకు ఎరుపు. దాదాపు 40 లక్షల ఇళ్ళకు 1.20 కోట్ల బుట్టలని నాటి ప్రభుత్వం లెక్క చెప్పింది. ఇప్పుడు మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఒక వీధిలో నడిచి, ఎన్ని గడపల వద్ద ఆ మూడు బుట్టలూ కనిపిస్తాయో చూడండి. కొన్ని పగిలాయి, కొన్ని వీధిలో మాయమయ్యాయి, కొన్ని ఇంట్లోనే ఉన్నా వేరే పనిలో ఉన్నాయి.

ఈ మూడో రకం గురించి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇది కరవు నేల. వేసవి వచ్చిందంటే ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకునే ఇళ్ళు ఇక్కడ తక్కువేమీ కాదు. అటువంటి ఇంటికి కొత్త ప్లాస్టిక్ బుట్ట చేరితే అందులో చెత్త వేయడానికి ఇల్లాలికి మనసొప్పదు. వాడుక నీళ్ళు పడతారు, బియ్యం పోస్తారు. దీనిని దొంగతనమని తూలనాడటం మాకు ఇష్టం లేదు. అయితే ఆ ఇల్లు రేపు మరో బుట్ట ఉచితంగా ఇమ్మని అడిగితే, అది వేరే ప్రశ్న.

చట్టం ఏమన్నదో ముందు చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2016లో వెలువరించిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు, చెత్తను మూడు రకాలుగా వేరుచేసి, తగిన బుట్టలలో ఉంచి, సేకరించేవారికి అందించవలసిన బాధ్యత చెత్త పుట్టించే ఇంటిదేనని చెప్పాయి. ప్రభుత్వం బుట్ట ఇస్తే మేలు. ఇవ్వనంత మాత్రాన ఇంటివారి బాధ్యత తీరిపోదు. ఇంగ్లండులో 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ఈ సంగతిని స్థానిక సంస్థల విచక్షణకు వదిలింది: బుట్ట ఉచితంగా ఇవ్వవచ్చు, వెల తీసుకొని ఇవ్వవచ్చు, ఇంటివారినే కొనుక్కోమనవచ్చు.

ఇక ధర్మం మాట. మన ఫిఖ్హ్ గ్రంథాలు ఇటువంటి వ్యవహారంలో ముందుగా ఒకటే అడుగుతాయి: ఆ వస్తువు మీ చేతికి ఏ రూపంలో వచ్చింది? హిబాగా, అంటే కానుకగా వచ్చిందా? లేక ఆరియత్‌గా, అంటే వాడుకొని తిరిగి ఇచ్చే ఎరువు సొమ్ముగా వచ్చిందా? హిబా అయితే బుట్ట మీదే, పోయిన నష్టమూ మీదే. ఆరియత్ అయితే ఇమాముల మధ్య భేదాభిప్రాయం ఉంది. హనఫీ ధర్మవేత్తల దృష్టిలో అది అమానత్. అజాగ్రత్త గానీ హద్దు మీరిన వాడకం గానీ లేకుండా పోతే పరిహారం లేదు. షాఫయీ, హంబలీ ధర్మవేత్తలు ఎరువు తీసుకున్నవారిపై బాధ్యతను మరింత గట్టిగా మోపుతారు. కానీ చెత్త కోసం ఇచ్చిన దానిని నీళ్ళకో బియ్యానికో మళ్ళించి పాడుచేసినప్పుడు ఈ భేదంతో పనేముంది? కానుక అన్నా ఎరువు అన్నా ఆ బుట్ట వెల ఆ ఇంటిదే.

హునైన్ యుద్ధానికి ముందు దైవప్రవక్త (స) సఫ్వాన్ బిన్ ఉమయ్యా వద్ద కవచాలు అడిగారు. అప్పటికి ఆయన ఇస్లాం స్వీకరించలేదు. బలవంతంగా లాక్కుంటున్నారా అని సఫ్వాన్ అడిగితే, కాదు, హామీతో కూడిన ఎరువు అని ప్రవక్త (స) సమాధానమిచ్చారు. తరువాత కొన్ని కవచాలు కనిపించకుండా పోయాయి. పరిహారం చెల్లిస్తామని ప్రవక్త (స) స్వయంగా ముందుకు వచ్చారు. అప్పటికి సఫ్వాన్ మనసు మారింది, ఆయనే వద్దన్నారు. విజయం సాధించిన సేనకు నాయకుడై ఉండి కూడా, పోయిన వస్తువుల లెక్క తేల్చడానికి ఆయన (స) వెనుకాడలేదు.

బుఖారీలో మరో ఉదంతం ఉంది. విశ్వాసుల మాతలలో ఒకరు సేవకుని చేత పళ్ళెంలో భోజనం పంపారు. ప్రవక్త (స) ఆ సమయంలో ఉన్న ఇంటి ఇల్లాలు ఆ చేతిమీద కొట్టగా పళ్ళెం జారి పగిలింది. ఆయన (స) ముక్కలు ఏరి, భోజనాన్ని పోగుచేశారు. తరువాత ఆ ఇంటి నుంచే పగలని పళ్ళెం తెప్పించి పంపినవారికి ఇప్పించారు. పగిలినది పగలగొట్టిన ఇంటనే ఉంచారు. పళ్ళెం జారింది సేవకుని చేతి నుంచే. అయినా పరిహారం అతనిపై పడలేదు, కారకులపై పడింది.

మా దృష్టిలో ఈ మొత్తం చర్చలో అతి ముఖ్యమైన మాట ఇదే. చెత్త బండి వద్ద బుట్ట పగిలితే మన నోరు ముందు లేచేది పారిశుద్ధ్య కార్మికురాలిపైనే. ఆమె వేతనమెంత? 2023 డిసెంబరు చివర రాష్ట్రవ్యాప్తంగా మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగింది ఆ వేతనాల కోసమే కదా! రోజుకు వందల బుట్టలు ఎత్తి దించే చేతిలో అప్పుడప్పుడు ఒకటి పగలడం పనిలో భాగం. ఆ ఖర్చు పని చేయించుకునే సంస్థది: పురపాలక సంఘానిది, లేదా బండి నడిపించే కాంట్రాక్టరుది. ఆమె జీతంలో కోత వేయడం అన్యాయం.

పురపాలక సంఘం చెల్లించాలంటే ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. కొన్ని పట్టణాలలో ఇంటింటికీ విధించిన వినియోగ రుసుమును జనం 'చెత్త పన్ను' అన్నారు, మండిపడ్డారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దానిని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. పన్ను పోయింది గానీ చెత్త పోలేదు. ఉచితమన్న ప్రతి బుట్ట వెనుకా ఎవరో కట్టిన ఇంటి పన్ను ఉంటుంది. అందులో పలకల కార్ఖానాలో పనిచేసి పొట్టపోసుకునే వితంతువు కట్టినదీ ఉంటుంది. కనుక ఖజానా సొమ్ముతో మళ్ళీ బుట్ట ఇవ్వవలసి వస్తే, కొనలేని ఇళ్ళకూ సేకరణలో పోగొట్టుకున్న ఇళ్ళకూ ముందు ఇవ్వాలని మేము కోరుతున్నాము. వీధిలో పెట్టిన బుట్టను ఎవరో ఎత్తుకుపోతే తీసినవారిదే భారం. వారు దొరకనప్పుడు, స్తోమత ఉన్న ఇల్లు తానే కొనుక్కోవడం మేలు.

కొనడమంటే ఆ మూడు రంగులవే కొననక్కరలేదు. పాత బకెట్టు చాలు, మూత ఉంటే చాలు. అయితే ఎర్ర బుట్ట పోయిందని వాడిన సూదులు, పగిలిన గాజు, శానిటరీ ప్యాడ్లు, పసిబిడ్డల డైపర్లు కూరగాయల తొక్కలలో కలపకండి; కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి. ఆ తొక్కలలో చేయి పెట్టేది పైన చెప్పిన ఆ కార్మికురాలే. బక్రీదు నాడు ఖుర్బానీ వ్యర్థాలు ఏ చిన్న బుట్టకూ పట్టవు. వాటి కోసం ప్రత్యేక బండి పంపమని మస్జిద్ కమిటీ పండుగకు ముందే పురపాలక కార్యాలయానికి అర్జీ పెట్టుకోవాలి. మిగిలిన బుట్టల మీద పెయింటుతో ఇంటి నెంబరు రాయించండి. పొరపాటున పక్కింటిది మన ఇంట చేరి ఉంటే, ఈ రోజే కడిగి ఇచ్చి రండి.