పుదుచ్చేరి బానల్లో ఎముకలు, రేవులో రోమన్ జాడీలు

పుదుచ్చేరి చుట్టుపక్కల ప్రాచీన సమాధులను పరిశోధకులు ముఖ్యంగా రెండు చోట్ల తవ్వారు. ఒకటి పట్టణం అంచున ఉన్న ముత్తిరపాళయం, రెండోది పడమటి పల్లె సుత్తుకేణి. ఫ్రెంచి పురావస్తువేత్తలు కజాల్ దంపతులు ఈ రెండింటి వివరాలనూ 1956లో పుస్తకంగా తెచ్చారు. ముత్తిరపాళయంలో పెద్ద మట్టి బానల్లో అస్థికలు దొరికాయి. సుత్తుకేణి సమాధుల్లో బంగారు నగలు కూడా బయటపడ్డాయి. ఈ సమాధులు దక్షిణాదంతటా వ్యాపించిన బృహత్ శిలాయుగపు ఆచారానికి చెందినవి. ఆ కాలపు రాతి సమాధులనే తెలుగునాట రాక్షసగుళ్లు అంటారు.

మృతులతో పెట్టిన కుండల్లో ఎక్కువగా చెప్పుకోవలసినవి నలుపు-ఎరుపు పాత్రలు. వీటి లోపలి భాగం, మూతి అంచు నల్లగా, అడుగు ఎర్రగా ఉంటాయి. ఆవంలో బోర్లించి కాల్చడం వల్ల లోపలికి గాలి ఆడక నలుపు వస్తుందని, గాలి తగిలిన చోట మట్టి ఎర్రబారుతుందని పండితులు వివరిస్తారు. పుదుచ్చేరి దగ్గరి ప్రాచీన రేవు అరికమేడు అడుగు పొరల్లో కజాల్‌కు ఇలాంటి పెంకులే కనిపించాయి. అంటే విదేశీ సరుకు రాకముందే అక్కడ స్థానికులు కాపురం ఉన్నారు.

పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం నది ఒడ్డున ఉన్న ఆ రేవును 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించాడు. మధ్యధరా తీరపు ద్రాక్షసారాయి జాడీల ముక్కలు, ఇటలీలో చేసిన ఎర్రటి పళ్లేల పెంకులు దొరకడంతో దీన్ని రోమన్ల వర్తక స్థావరంగా భావించాడు. ఇక్కడే దొరికిన, లోపల చుక్కల వలయాలున్న పళ్లేలు కూడా పడమటివేనని అనుకున్నాడు. అవి భారతదేశంలో చేసినవేనని తర్వాత మట్టి పరీక్షల్లో తేలింది. 1989-92లో విమలా బేగ్లీ జరిపిన తవ్వకాలు, రోమన్ వాణిజ్యానికి ముందూ తర్వాతా ఇక్కడ జనం ఉన్నారని చూపాయి. పెంకులపై గీసిన తమిళ బ్రాహ్మీ అక్షరాలు ఆ జనం మాటను నేరుగా వినిపిస్తాయి. ఈ తవ్వకాలన్నిటిలో అంతకన్నా విలువైనది లేదు.

పరాయి పాత్ర దొరికినంత మాత్రాన దాన్ని వాడినవాడు పరాయివాడు కాడు. సరుకు చేతులు మారినంత సులువుగా చావు ఆచారం మారదు. అందుకే ఒక సమాజం తనను తాను ఎవరనుకుందో తెలుసుకోవడానికి సమాధిని అంత జాగ్రత్తగా చదవాలి. అయితే ఆచారాలు కూడా కలిసిపోయిన చోట్లున్నాయి. ఈజిప్టులోని హవారాలో దొరికిన, క్రీ.శ. 2వ శతాబ్దపు అర్తెమిడోరస్ మమ్మీ అలాంటిది. దానిపై పేరు, వీడ్కోలు మాట గ్రీకులో రాసి ఉన్నాయి. ముఖచిత్రం రోమన్ పద్ధతిది. దేహాన్ని భద్రపరచిన తీరు, పెట్టెపై బొమ్మల్లోని దేవతలు ఈజిప్టువి. పుదుచ్చేరి బానల్లోని మృతులు మాత్రం పేరు చెప్పరు. వారిని గుర్తించడానికి మిగిలిన ఆధారాలు ఎముకలు, ఆ నలుపు-ఎరుపు పాత్రలు, కొందరి నగలు.