పైన ఈదే సగం ముక్కు చేప.. అడుగున ఉన్న గడ్డే ఆధారం

నీటి ఉపరితలాన్ని ఆనుకుని గుంపులుగా ఈదుతూ, పడవ దగ్గరకు రాగానే బెదిరి గాలిలోకి ఎగిరే సన్నని వెండి రంగు చేపలు తీరవాసులకు కొత్త కావు. వీటి కింది దవడ సూదిలా ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. పై దవడ మాత్రం పొట్టిది. కొంగ ముక్కులో పైభాగాన్ని విరిచేసినట్లు కనిపించే ఈ చేపలను శాస్త్రజ్ఞులు హాఫ్‌బీక్‌లు, అంటే సగం ముక్కు చేపలు అంటారు. సముద్రం మీద ఎగిరే చేపలు వీటికి దగ్గరి బంధువులు. తోకలో పొడవుగా ఉండే కింది చీలికే వీటి ఎగురుడుకు ఊతమిస్తుంది.

వీటిలో ఉష్ణమండల తీరాలలో విస్తారంగా కనిపించేది హెమిరాంఫస్ ఫార్. 1775లో ప్రచురితమైన ఫోర్స్కాల్ గ్రంథం ద్వారా ఇది శాస్త్రలోకానికి పరిచయమైంది. పక్కలపై నిలువుగా ఉండే నల్లని మచ్చలు దీని గుర్తు. సాధారణంగా 30 సెంటీమీటర్లు, గరిష్ఠంగా 45 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి పసిఫిక్‌లోని సమోవా దాకా వ్యాపించిన ఈ చేప, 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్న తరువాత మధ్యధరా సముద్రంలోకీ చేరింది.

ముక్కును చూస్తే వేటాడే చేప అనిపిస్తుంది. కానీ పెద్దయ్యాక దీని ముఖ్యాహారం సముద్రపు గడ్డి, నాచు. విచిత్రమేమిటంటే, గడ్డి తినే ఈ చేపకు జీర్ణాశయమే లేదు. ఆవు మాదిరిగా నెమరు వేసే ఏర్పాటూ లేదు. గొంతులోని పళ్ల పలకలు తిరగలిలా గడ్డిని నూరి నేరుగా పేగులోకి పంపుతాయి. అందులో దక్కే పోషకాలు స్వల్పమే. ఆస్ట్రేలియా తీరంలోని దీని బంధుజాతి చేప పగలు గడ్డి, రాత్రి చిన్న రొయ్యల వంటి జీవులను తిని ఆ లోటు పూడ్చుకుంటుంది.

గడ్డి అవసరం ఆహారంతో తీరదు. ఈ చేపల గుడ్లపై సన్నని జిగురు పోగులు ఉంటాయి. వాటితోనే గుడ్లు గడ్డి పోచలకు, నీటిలోని ఇతర వస్తువులకు అతుక్కుని నిలుస్తాయి.

సముద్రపు గడ్డి నాచు కాదు; వేళ్లు, పూలు ఉన్న అసలైన మొక్క. వెలుతురు సోకే లోతు తక్కువ నీటిలోనే పెరుగుతుంది. మన దేశంలో ఇటువంటి మైదానాలకు తమిళనాడులోని పాక్ అఖాతం, మన్నార్ సింధుశాఖలు ప్రసిద్ధి. ఇదే గడ్డిపై బతికే డుగాంగ్, అంటే సముద్రపు ఆవు కోసం 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని రక్షితప్రాంతంగా ప్రకటించారు. ఆవు పేరిట జరిగినా, చేపకూ అది మేలే.

ప్రమాదం మరబోట్ల వలలతో వస్తోంది. అడుగును ఈడ్చే ట్రాల్ వల గడ్డిని వేళ్లతో సహా పెకలిస్తుంది. లేచిన బురద మిగిలిన గడ్డికి వెలుతురు అందనివ్వదు. పైన ఈదే చేప ఆ వలలో పడకపోయినా, దాని మేత, గుడ్ల నెలవు రెండూ పోతాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే 61 రోజుల వేట నిషేధం కొంత ఊరటే అయినా, పెకలిన మైదానం తిరిగి అల్లుకోవడానికి రెండు నెలలు చాలుతాయనుకోవడం అత్యాశే.

గోదావరి, కృష్ణా నదుల ఒండ్రుతో నీరు మసకబారే ఆంధ్ర తీరంలో ఇటువంటి మైదానాలు తక్కువ. అయితే సగం ముక్కు చేపలలో ఉప్పుటేర్లు, నదీ ముఖాల నీటికి అలవాటు పడిన చిన్న జాతులూ ఉన్నాయి. వాటిని మనుషులు తినడంతోపాటు పెద్ద చేపలకు ఎరగానూ వాడతారు.