మన యింటి వస్తువుల పుట్టుపూర్వోత్తరములు

ఉదయము లేచినది మొదలు రాత్రి పరుండు వఱకు మనము ఎన్నియో వస్తువులను వాడుచుందుము. అగ్గిపుల్ల గీయుదుము. సబ్బుతో చేతులు కడుగుకొందుము. పలకమీదను కాగితముమీదను వ్రాయుదుము. మీట నొక్కి దీపము వెలిగింతుము. ఇవి ఎక్కడ పుట్టినవి? ఏ దారిని మన యిండ్లకు వచ్చినవి? సులభముగా చేతికందు వస్తువును గూర్చి ఆలోచించువారు అరుదు. ఆలోచించినచో, ఒక్కొక్క చిన్న వస్తువు వెనుకను పెద్ద చరిత్ర కానవచ్చును. అట్టివానిలో కొన్నిటిని మాత్రము ఇచట విచారింతము.

మన సీమతో మిక్కిలి సంబంధము గలది విద్యుద్దీపము. సన్నని తీగ గుండ విద్యుత్తు ప్రవహించినపుడు అది కాగి వెలుగును. కాని గాలిలోని ఆమ్లజని తగిలినచో ఆ తీగ వెంటనే కాలిపోవును. అందుచే గాజుబుడ్డిలోని గాలిని తీసివేసి, అందు బొగ్గుతీగను వెలిగించు ఉపాయమును ఇంగ్లాండులో జోసెఫ్ స్వాన్, అమెరికాలో థామస్ ఎడిసన్ ఇంచుమించుగా ఒకే కాలమున సాధించిరి. ఎడిసన్ దీపము 1879వ సంవత్సరమున వెలిగెను.

ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1880లో, జాన్ టేలర్ కంపెనీ వారు కోలారు బంగారు గనులలో పని ఆరంభించిరి. గనులు లోతైన కొలదియు రాతిని పైకి లాగుటకును, దానిని పొడిచేయుటకును గొప్ప శక్తి కావలసివచ్చెను. ఆవిరి యంత్రములకు వలయు బొగ్గును దూరదేశమునుండి తెచ్చుట మిక్కిలి వ్యయము. అప్పుడు మైసూరు ప్రభుత్వము వారు శివసముద్రము కడ కావేరీ జలపాతమునుండి విద్యుత్తును పుట్టించి గనులకు పంపుటకు పూనుకొనిరి. దివాను సర్ కె. శేషాద్రి అయ్యరు ప్రోత్సాహమున, జోలి డి లోట్బినియర్ అను ఇంజనీరు ఆ పనిని నడిపెను. 1902 జూన్ 30వ తేదీన కావేరి విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగలపై ప్రయాణము చేసి మన గనులను చేరెను. ఆనాటికి లోకములోని మిక్కిలి పొడవైన విద్యున్మార్గములలో అది యొకటి. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు 1905లో గాని వెలుగలేదు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడినను, అవి మన సీమకు రప్పించిన వెలుగు మాత్రము నిలిచియున్నది.

ఇక అగ్గిపుల్ల సంగతి. రాపిడిచే వెలుగు పుల్లలను 1827లో ఇంగ్లాండునందు జాన్ వాకర్ అను మందుల వర్తకుడు మొదట అమ్మెను. తరువాతి వారు పుల్లల తలలకు తెల్ల భాస్వరము పూయసాగిరి. అది విషము. ఆ కార్ఖానాలలో పనిచేయువారికి దవడ యెముకలు కుళ్ళెడి ఘోరవ్యాధి కలుగుచుండెను. మన చేతిలోని అగ్గిపెట్టెకు అట్టి ప్రమాదము లేదు. ఏలయన, స్వీడను దేశస్థుడైన గుస్తావ్ పాష్ 1844లో తెల్ల భాస్వరమునకు బదులు ఎఱ్ఱ భాస్వరమును గ్రహించి, దానిని పుల్లకు గాక పెట్టె ప్రక్కను పూయు పద్ధతిని కనిపెట్టెను. పుల్లతలలో ఒక ద్రవ్యము, పెట్టె ప్రక్కను మఱియొకటి. రెండును కలిసిననేగాని నిప్పు పుట్టదు. అయినను తెల్ల భాస్వరపు పుల్లలు వెంటనే పోలేదు. మన దేశమున వానిని 1913లో చట్టముచే నిషేధించిరి. ఒక వస్తువు నిరపాయమగుటకు ముందు ఎందఱో కష్టజీవులు దాని వెలను తమ దేహములతో చెల్లించిరని దీనివలన తెలియుచున్నది.

పలకమీద వ్రాయు బలపమునకు ఆ పేరు మెత్తని బలపపు రాతినుండి వచ్చినది. పెన్సిలు కథ వేఱు. పదునాఱవ శతాబ్దిలో ఇంగ్లాండులోని బారోడేలు కడ నల్లని మెత్తని ఖనిజము దొరకెను. అది సీసమని జనులు భ్రమపడిరి. నిజమునకు అది బొగ్గుజాతికి చెందిన గ్రాఫైటు. ఇంగ్లాండుతో యుద్ధము వచ్చి ఫ్రాన్సుకు ఆ ఖనిజము అందనపుడు, కాంటే అను ఫ్రెంచివాడు 1795లో గ్రాఫైటు పొడిని బంకమట్టితో కలిపి, కడ్డీలుగా చేసి, కొలిమిలో కాల్చెను. మట్టి హెచ్చినచో గీత పలుచన, తగ్గినచో నలుపు. నేటికిని పెన్సిళ్లు చేయు విధము ఇదియే.

కాగితము చైనాదేశమునకు చెందినది. క్రీ.శ. 105 ప్రాంతమున సాయ్ లున్ అను రాజోద్యోగి చెట్టుబెరడు, జనుము, చింకిగుడ్డలు, పాతవలలు నానవేసి దంచి కాగితము చేయు పద్ధతిని మెఱుగుపఱచెను. ఎనిమిదవ శతాబ్దిలో ఆ విద్య సమర్కందు చేరి, అచటినుండి అరబ్బు దేశములకు ప్రాకెను. మన పూర్వులు తాటాకుమీద గంటముతో వ్రాసెడివారు. పారసీకమున 'కాగజ్' అను మాటయే మనకు కాగితమైనది.

పేర్లను పరిశీలించిన ఇట్టివి పెక్కు గలవు. కుర్చీ, కలము అరబ్బీనుండి వచ్చినవి. సబ్బు, బొత్తాము, అలమార పోర్చుగీసు వర్తకుల ఓడలతో దిగినవి. మన జిల్లాలో ఇంట తెలుగు, అంగడిలో కన్నడమో తమిళమో ఉర్దూయో వినబడును. ఇన్ని భాషల నడుమ బిడ్డల తెలుగు చెడునేమో యని కొందఱు తల్లిదండ్రులు భయపడుదురు. కాని చూడుడు: మనము కాగితమందుము, కన్నడిగులు కాగద యందురు, తమిళులు కాగిదమందురు, ఉర్దూవారు కాగజ్ అందురు. నలుగురును ఒకే బాటసారిని తమ యింటికి పిలుచుకొనిరి. దానివలన ఏ భాషయు చిన్నబోలేదు. క్రొత్త వస్తువుతో క్రొత్త మాట వచ్చుట సహజము.

భయపడవలసినది మఱియొకటి గలదు. రోలు, రోకలి, తిరుగలి, చేట, కవ్వము మన వంటయిండ్లనుండి జాఱిపోవుచున్నవి. వస్తువు పోయిన కొన్నాళ్లకు మాటయు పోవును. మన రోలును కన్నడమున ఒరళు, తమిళమున ఉరల్ అందురు. ఇవి అరువు మాటలు గావు. ఒకతల్లి బిడ్డలు. చేటను మాత్రము కన్నడిగులు మొర యనియు, తమిళులు ముఱం అనియు అందురు. మన మాట వేఱు. ఇట్టి పోలికలును భేదములును తెలిసికొనుటకు మన సీమకంటె మంచి చోటు లేదు. నాలుగు భాషలును వీధిలోనే లభించును.

కావున విద్యార్థులు ఒక నోటుబుక్కు తీసికొని, తమ అవ్వతాతలనడిగి, ఇంటి పాత వస్తువుల పేర్లను, వాని ఉపయోగములను వ్రాసికొనవలెను. ప్రక్కింటివారి భాషలో వాని పేరేమో దాని యెదుట చేర్చవలెను. తల్లిదండ్రులు ఆ పుటలను చదివి, తప్పులుండిన దిద్దవలెను. వచ్చిన మాటలను ఆదరించుటయు, ఉన్న మాటలను కాపాడుకొనుటయు రెండును భాషాసేవయే.