ముందు మగపిట్ట.. వెనుక ఆడపిట్ట

మార్చి వచ్చిందంటే బహ్రెయిన్‌లో బుదయ్యా వైపు తోటల్లో కొత్త పిట్టలు దిగుతాయి. శుక్రవారం సెలవుకు అటు వెళ్లినప్పుడు మేమూ చూశాం. నల్ల గొంతు, ఎర్ర తోక ఉంటే అది మగ రెడ్‌స్టార్ట్. చలికాలం ఆఫ్రికాలో గడిపి, ఉత్తరాదికి పోతూ ఇక్కడ నాలుగు పురుగులు తిని అలసట తీర్చుకుంటుంది. గోధుమ రంగు ఆడపిట్టలు ఎక్కువగా ఆ తర్వాతే వస్తాయి. ముందు చేరిన మగదానికే గూటికి మంచి చోటు దొరుకుతుంది మరి. అలాగని మరీ తొందరపడితే చలికి, ఆకలికి చచ్చే ప్రమాదం.

వయసుకూ లెక్క ఉంది. ఒకసారి వెళ్లొచ్చిన పెద్దవి ముందుంటాయి, నిరుడు పుట్టినవి వెనుకబడతాయి. ఆగస్టు నుంచి మళ్లీ దక్షిణాదికి ప్రయాణం. అప్పుడు చాలా జాతుల్లో ఆ ఏడాది పిల్లలు అమ్మానాన్నల తోడు లేకుండానే రాత్రిపూట ఎగురుతాయి. దిక్కు పుట్టుకతోనే వస్తుంది.

మన కథా ఇంచుమించు ఇదే కదా! ముందు మనమొచ్చాం. తేడా ఒక్కటే. అక్కడ ఆడపిట్ట కొద్ది రోజుల్లోనే చేరుతుంది. మనలో చాలామందికి జీతం చాలక ఫ్యామిలీ వీసా రాదు. సెలవు దొరికితే మనమే పోవాలి. ఈసారి ఎర్రతోక కనిపిస్తే ఇంటికి ఫోన్‌లో ఆ ముచ్చట చెప్పండి.