టెంకాయకు కండ్లెందుకు?

రాయచోటి వీరభద్రస్వామికి కొట్టే టెంకాయను పీచు ఒలిచి, పైన జుట్టు మాత్రం ఉంచి తెస్తారు. కొట్టాక ఆ జుట్టు కూడా పీకితే పెంకు మీద మూడు గుండ్రటి గుర్తులు బయటపడతాయి. వాటిని మచ్చలనీ అనరు, చిల్లులనీ అనరు. కండ్లు అంటారు. పుస్తకాల్లో కళ్ళు అని అచ్చవుతుంది గానీ ఈ సీమ నాలుక మీద ఉండేది కండ్లే. ముక్కంటి సన్నిధిలో మూడు కండ్ల కాయ కొట్టడంలో భక్తులకు కనిపించే పోలిక ఎలాగూ ఉంది. ఆ మూడింటికి వృక్షశాస్త్రం దగ్గర కూడా లెక్క ఉంది. కొబ్బరి పువ్వులో అండాశయం మూడు దళాలతో మొదలవుతుంది, ఒక్కో దళానికి ఒక్కో కన్ను. వాటిలో సాధారణంగా ఒక్కటే ఎదిగి గింజ కడుతుంది. అందుకే మూడు కండ్లలో రెండు గట్టిగా మూసుకుపోయి ఉంటాయి, మూడోది పుల్లతో పొడిస్తే దిగబడేంత మెత్తగా ఉంటుంది. పిండం ఉండేది ఆ మెత్తటి కంటి కిందే. మొలక బయటికి వచ్చేదీ అందులోంచే.

చిత్తూరు వైపు చెరుకు రైతులు నాటడానికి గడను ముక్కలుగా నరుకుతారు. వాటిని ముచ్చెలంటారు, ఒక్కో ముచ్చెకు మూడు కండ్లు ఉండేలా చూసుకుంటారు. ఒక ముచ్చెను చేతిలోకి తీసుకుని చూడండి. గడ చుట్టూ ఉంగరంలా కణుపు ఉంటుంది. దాని మీద ఒక పక్కగా గోరంత ఉబ్బు, ఆ ఉబ్బును కప్పుతూ ఒకదాని మీద ఒకటి అణిగిన పలచని పొలుసులు ఉంటాయి. అదే కన్ను, అంటే నిద్రపోతున్న మొగ్గ. దాని దగ్గరే కణుపు చుట్టూ సన్నటి చుక్కల వరస కనిపిస్తుంది. తడి తగిలితే ఆ చుక్కల నుంచి వేర్లు, కంటి నుంచి పిలక బయలుదేరతాయి. ఉర్లగడ్డ గుంటల్లో ఉండేవి కూడా ఇలాంటి కండ్లే. ఉర్లగడ్డ వేరు కాదు, నేలలో ఊరిన కాండం, కాబట్టే దానికి మొగ్గలుంటాయి. నాటేవాళ్లు గడ్డను కోసేటప్పుడు ప్రతి ముక్కకూ కనీసం ఒక కన్ను వదులుతారు. కన్ను లేని ముక్క నేలలో కుళ్లిపోవడమే.

ఇక నెమలి ఈకకు కన్ను ఉంది, చేపల వలకు కన్ను ఉంది. వీటిలో మొలకెత్తేది ఏదీ లేదు, ఉన్నది రూపం ఒక్కటే.

ఒక మాటకు ఇలా ఒకదానితో ఒకటి చుట్టరికం ఉన్న అర్థాలు చాలా ఉండటాన్ని పాలిసెమీ అంటారు. ఫ్రెంచి పండితుడు మిషెల్ బ్రెయాల్ 1897లో అచ్చయిన తన అర్థవిజ్ఞాన గ్రంథంలో దీన్ని వివరంగా చర్చించాడు. తెలుగులో బహ్వర్థకత అనుకోవచ్చు. కొత్త వస్తువు ఎదురైన ప్రతిసారీ కొత్త మాట పుట్టించాల్సి వస్తే ఏ బుర్రా మోయలేదు. అందుకని భాష తన దగ్గరున్న మాటనే ముందుకు జరుపుతుంది. అలా జరగడానికి శరీర భాగాల పేర్లు అన్నిటికన్నా అనువైనవి. అవి ప్రతి మనిషికీ పుట్టుకతో దొరికిన సొత్తు, పసితనంలోనే వచ్చేసే మాటలు.

కన్ను జరిగిన దారులు ముఖ్యంగా రెండు. ఒకటి రూపం దారి: గుండ్రంగా, చిన్నగా, చుట్టూ గీత గీసినట్టు ఉన్నదేదైనా కన్నే. రెండోది పని దారి. కన్ను చేసే పని చూడటం, చూపు పడ్డచోట మనసు పడుతుంది, మనసు పడితే ఆశ, ఆశ తీరకపోతే అసూయ. “ఆ మడి మీద కన్నేసి ఉంచు” అంటే కాపలా. “వాడి కన్ను ఆ స్థలం మీద పడింది” అంటే ఆశ. “పిల్లోడికి ఎవరి కన్నో తగిలింది” అంటే దిష్టి. ఒక్కో మెట్టూ ముందు మెట్టుకు ఆనుకునే ఉంది, ఎక్కడా గెంతు లేదు. వ్యాకరణం కూడా ఇందులో చెయ్యి వేస్తుంది. “కండ్లు మూశాడు” అంటే నిద్రకో ధ్యానానికో మూశాడు. “కన్ను మూశాడు” అంటే ఇక లేడు. ఏకవచనం, బహువచనం తేడాతోనే చావుబతుకులు వేరైపోతున్నాయి. తెలుగు పిల్లలకు దీన్ని బడిలో ఎవరూ నేర్పరు, అయినా ఏ పిల్లా తప్పు చెప్పదు.

ఎదురు దిక్కుగా, బయటి మాట కంట్లోకి వచ్చి చేరినదీ ఒకటుంది: కంటిపాప. నల్లగుడ్డు నడుమ ఉన్న రంధ్రానికి పాప అని పేరెందుకు? ఎవరి కంట్లోకైనా బాగా దగ్గరగా చూస్తే అక్కడ మన బొమ్మే బుల్లి మనిషిలా నిలబడి కనిపిస్తుంది. కంటి ముందరి పారదర్శక పొర ఉబ్బుగా, ఎనిమిది మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వ్యాసార్ధంతో వంగి ఉంటుంది. అది కుంభాకార దర్పణంలా పనిచేసి ఎదుటివారి ప్రతిబింబాన్ని తలకిందులు చేయకుండా, బాగా చిన్నది చేసి చూపిస్తుంది. దీన్ని గమనించింది మనమొక్కరమే కాదు. సంస్కృతంలో కనీనిక అంటే చిన్నపిల్ల, కంటిపాప కూడా. లాటిన్‌లో ప్యుపిల్లా అన్నా చిన్నపిల్లే, ఇంగ్లిష్ ప్యూపిల్ అక్కడిదే. అరబ్బులు కంటిపాపను కంటిలోని మనిషి అంటారు. ఒకరినుంచొకరు అరువు తెచ్చుకోనక్కర్లేదు, ఒకరి ఎదుట ఒకరు కూర్చుని చూసుకున్నా చాలు.

రాయచోటిలో తెలుగుతో పాటు ఉర్దూ కూడా ఇంటి భాషే. ఉర్దూలో చష్మా అంటే కండ్లద్దాలు, చష్మా అంటేనే నీటి ఊట. శ్రీనగర్‌లోని చష్మే షాహీ తోట పేరులో ఉన్నది ఊటే. ఫారసీలో చష్మ్ అంటే కన్ను, రెండర్థాలూ దాని పిల్లలే. ఈ చుట్టుపక్కల పల్లెల నుంచి కువైట్‌కూ మిగతా గల్ఫ్ దేశాలకూ పనికి పోయినవాళ్లు చాలామంది. వాళ్లు అక్కడ వినే అరబ్బీలో ఐన్ అంటే కన్ను, ఊట కూడా. ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ నగరానికి ఆ పేరు ఎడారి ఊటల వల్లే వచ్చింది. అరబ్బీకీ ఫారసీకీ పుట్టుకలో చుట్టరికం లేదు. వాటితో ఏ సంబంధమూ లేని మలయ్ భాషలో మాత అంటే కన్ను, ఊట పేరు “మాత ఆయిర్”, నీటి కన్ను అని. సూర్యుడు “మాతహరి”, పగటి కన్ను. స్పానిష్‌లోనూ ఊటను నీటి కన్ను అనే వాడుక ఉంది. గుండ్రంగా, తడిగా మెరుస్తూ, లోపలి నుంచి నీరు ఊరేది మన ముఖం మీద ఏదో, నేలలో ఊటా అదే. కిటికీ కథ కూడా ఇంతే. సంస్కృత గవాక్షం ఆవు కన్ను, ఇంగ్లిష్ విండో పాత నార్స్ భాషలో గాలి కన్ను.

భాషలు ఏయే భావాలను ఒకే మాటతో పిలుస్తాయో పోల్చి చూసేందుకు క్లిక్స్ అనే సమాచార నిధి ఉంది. 3,000కు పైగా భాషల, మాండలికాల పదాలు అందులో చేర్చారు. అలాంటి పోలికల్లో తేలేదేమంటే, అర్థాలు ఇష్టం వచ్చినట్టు పాకవు, కొన్ని దారులు ఖండాలు దాటినా మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. అయితే దారి ఉన్నంత మాత్రాన ప్రతి భాషా అందులో నడవాలని లేదు. నీటి కోసం ఇంత తపించిన సీమ తెలుగులో ఊటకు కన్ను పేరు స్థిరపడలేదు. మాండవ్య ఏటి ఇసుకలో తవ్వుకున్నది చెలమ, బావి అడుగున ఊరేది జల. సూది రంధ్రం ఇంగ్లిష్‌వాళ్లకు కన్ను, తమిళులకు చెవి, మనకు బెజ్జం. దారులు శరీరం గీస్తుంది, వాటిలో ఏది తొక్కాలో ఆ జనం బతుకు తేల్చుకుంటుంది. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

ఒకేలా వినిపించే అర్థాలన్నీ చుట్టాలని మాత్రం అనుకోకూడదు. కను అంటే చూడు, కను అంటే బిడ్డను కను. కంటితో చూడటం, కన్నతల్లి కనడం ఒకే మాటలా తోచి, దాని మీద అందమైన వ్యాఖ్యానాలు అల్లేవాళ్లూ ఉన్నారు. బరో, ఎమెనో కలిసి 1961లో వెలువరించి, 1984లో పెంచి అచ్చువేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ రెంటినీ వేర్వేరు చోట్ల పెట్టింది. చూసే కనుకు తోడుగా తమిళ కాణ్ ఉంది. బిడ్డను కనే కనుకు చుట్టాలు తమిళ కన్ఱు, కన్నడ కరు, రెండూ దూడ పేర్లే. కన్ను అనే మాట మట్టుకు ద్రావిడ కుటుంబమంతటా ఉంది: తమిళ, మలయాళ, కన్నడాల నుంచి గోండీ, కురుఖ్ దాకా, బలూచిస్తాన్‌లో బ్రాహుయీ మాట్లాడేవారి ఖన్ దాకా.

చుట్టరికం ఉన్న అర్థాలకూ లేని అర్థాలకూ తేడా మెదడుకు కూడా తెలుసు. జెనిఫర్ రాడ్, గాస్కెల్, మార్స్‌లెన్-విల్సన్ 2002లో ఇంగ్లిష్ మాటలతో ప్రయోగం చేశారు. తెర మీద వచ్చిన అక్షరాల గుంపు నిజమైన మాటా కాదా అని ఠక్కున చెప్పాలి. చుట్టరికం ఉన్న అర్థాలు ఎక్కువున్న మాటల్ని జనం త్వరగా గుర్తుపట్టారు. సంబంధం లేని అర్థాలు మోసే మాటల దగ్గర ఆలస్యమైంది. అంతకుముందు 1979లో డేవిడ్ స్విన్నీ ఇంకో సంగతి చూపించాడు. రెండర్థాల మాట చెవిన పడగానే, వాక్యం ఒకదాన్నే సూచిస్తున్నా, ఆ క్షణంలో రెండర్థాలూ మనసులో మేల్కొంటాయి. మరో మూడు అక్షరాలు పలికేలోపు అక్కర్లేనిది ఆరిపోతుంది. మాట్లాడేవారికి గానీ వినేవారికి గానీ ఈ సంగతి తెలియను కూడా తెలియదు.

అర్థం ఇంకా ఇంకా జరిగితే చివరికి మాట తన ఒంటిని వదిలేసి వ్యాకరణంలో కలిసిపోతుంది. వెన్ను వెనుక అయింది, వెంట అయింది. చేతి నుంచి “రాముని చేత” లోని విభక్తి వచ్చింది. చూసే కనూ ఈ దారిలో నడిచింది. విను నుంచి వింటే, తిను నుంచి తింటే, అలాగే కను నుంచి కంటే. విన్నా, తిన్నా, కన్నా కూడా అంతే. మదనపల్లె మిట్ట మీది ఊరు, రాయచోటి దానికన్నా పల్లంలో ఉంది. కాబట్టి వేసవిలో ఇక్కడివాళ్లు “మదనపల్లె కంటే మన దగ్గర ఎండ జాస్తి” అంటారు. మదనపల్లెను చూస్తే మన దగ్గర జాస్తి అని ఆ వాక్యానికి పాత అర్థం.