సాగని నాడా

తిరుప్పూరులో బనియన్ గుడ్డ ముక్కలకు కరువులేదు. నొయ్యల్ ఒడ్డున ఉన్న ఈ ఊరి బతుకంతా అల్లిక గుడ్డ మీదే. బట్టలు కుట్టే ఫ్యాక్టరీ ఏదైనా ఇక్కడ బనియన్ కంపెనీయే. అందుకే కెమెరాను ఒంటిచేత్తో వాడుకోవడానికి ఇంట్లోనే చేతిపట్టీ కుట్టుకుందామనుకున్నవారి చూపు ముందు ఆ మెత్తటి, సాగే ముక్క మీదే పడుతుంది. పొరపాటు అక్కడే మొదలవుతుంది. బరువు మోసేచోట సాగే గుడ్డ పనికిరాదు. అది నవారు, అంటే గట్టిగా నేసిన నాడా, చేయాల్సిన పని.

లెన్సుతో కలిపి 700 గ్రాములుండే కెమెరా బరువు సుమారు 7 న్యూటన్లు. ఆ మాత్రం ఎత్తడానికి ఎవరికీ కష్టం లేదు. చేతిని అలసగొట్టేది బరువు కాదు, టార్క్. కెమెరా గరిమనాభి మన పిడికిలిలో ఉండదు, లెన్సు వైపుకు జరిగి ఉంటుంది. ఆ దూరం 6 సెంటీమీటర్లు అనుకుందాం. వేళ్లకూ అరచేతికీ మధ్య పట్టు 3 సెంటీమీటర్లే అయితే, కెమెరా ఒరిగిపోకుండా వేళ్లు 14 న్యూటన్ల బలంతో నొక్కిపట్టాలి, అంటే బరువుకు రెట్టింపు. చేతి వెనకనుంచి బిగించిన పట్టీ ఆ భారాన్ని 8 సెంటీమీటర్ల అరచేతి వెడల్పుకు పంచుతుంది. కావలసిన బలం 5 న్యూటన్ల చిల్లరకు దిగుతుంది. అదైనా మోసేది కండరం కాదు, నాడా. ఆరోగ్యవంతుడి చెయ్యి కూడా సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నగా వణుకుతూనే ఉంటుంది, అలసిన కొద్దీ ఆ వణుకు పెరుగుతుంది. పట్టీ వణుకును ఆపలేదు, అలసటను మాత్రం వాయిదా వేస్తుంది.

సాగితే హాయిగా ఉంటుంది కదా అనవచ్చు. నిజమే, కానీ బరువు వేలాడుతున్న సాగే పట్టీ ఒక స్ప్రింగు. కెమెరా బరువుకు 6 సెంటీమీటర్లు సాగే మెడపట్టీ సెకనుకు సుమారు 2 సార్లు ఊగుతుంది. మనిషి నడకలో అడుగులూ ఇంచుమించు అంతే. రెండూ కలిస్తే అనునాదమే, అడుగడుగునా కెమెరా ఎగిరెగిరి పడుతుంది. చేతిపట్టీ పొట్టిది, అంత సాగదనే వాదన సబబే. కానీ ఒక్క సెంటీమీటరు సాగినా చేతికీ కెమెరాకూ మధ్య సందు వస్తుంది, వేళ్లు మళ్లీ బిగుసుకోవాల్సిందే. పైగా బనియన్ ముక్క అంచులు చుట్టుకుపోయి తాడులా మారి చర్మంలో దిగుతాయి. అల్లికలో నూలు ఉచ్చులుగా ఉంటుంది. లాగితే ముందు ఉచ్చు ఆకారం మారుతుంది, ఆ తర్వాతే పోగు బిగుస్తుంది. నేసిన నవారులో పడుగు పోగులు దాదాపు నిటారుగా ఉంటాయి కనుక సాగేందుకు చోటు తక్కువ. చెమటకు నూలు చివికిపోదా అంటే, నూలు పోగు తడిసినప్పుడు ఇంకా గట్టిపడుతుంది. ఆరబెట్టక బూజు పట్టిస్తేనే ముప్పు. బనియన్ గుడ్డను పారేయనక్కర్లేదు, చేతికి తగిలే వైపు మెత్తగా అస్తరు వేసుకోవచ్చు.

నాడా అంటే ఇక్కడి తెలుగిళ్లలోనూ తమిళ దుకాణాల్లోనూ ఒకటే మాట, అడగడానికి ఇబ్బంది లేదు. చిక్కంతా పట్టీని కెమెరాకు బిగించే బోల్టుతోనే. కెమెరా అడుగునుండే రంధ్రం పావు అంగుళానిది, అంగుళానికి 20 మరలు. చూపుకు అలాగే ఉండే 6 మిల్లీమీటర్ల బోల్టు మర దూరం 1 మిల్లీమీటరు, కెమెరా రంధ్రానిది 1.27, బలవంతంగా తిప్పితే కెమెరా మరలే చెడతాయి. పొడుగు బోల్టయితే అడుగునే పగలగొట్టవచ్చు, వాషర్లు వేసి సరిచూసుకోవాలి. ఆ రంధ్రం సాధారణంగా లెన్సు కిందుగా ఉంటుంది కనుక కుడి అంచు దాకా ఒక అల్యూమినియం పట్టీ ముక్క, అది తిరిగిపోకుండా మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క కావాలి. నవారు కింది కొస ఆ అల్యూమినియం ముక్కకు, పై కొస గట్టి నైలాన్ దారంతో కెమెరా కుడి కొక్కేనికి. కొసలు మడిచి చతురస్రంగా కుట్టి, లోపల అడ్డంగా రెండు గీతలు కుట్టాలి. బ్యాటరీ తలుపు చాలాసార్లు ఆ అల్యూమినియం ముక్క కిందే పడుతుంది. ఛార్జింగుకు తీసినప్పుడల్లా విప్పే విసుగు తప్పదు.

ఎడమ చెయ్యి మాత్రమే పనిచేసేవారి మాట ఏమిటి? ఈ పట్టీకి ఇదే గట్టి అభ్యంతరం, ఎందుకంటే షట్టర్ మీట దాదాపు అన్ని కెమెరాలకూ కుడివైపే. 1936లో జర్మనీలో వచ్చిన కీనె ఎక్సాక్టాకు అది ఎడమన ఉండేది, కానీ మిగతా తయారీదారులు ఆ దారి పట్టలేదు. కాబట్టి వారికి పట్టీతో పాటు కేబుల్ రిలీజో రిమోటో కూడా కావాలి. అల్యూమినియం ముక్కను ఎడమ అంచుకు తిప్పి, పై కొసను ఎడమ కొక్కేనికి మార్చుకుంటే సరి. బోల్టు ఉన్నచోటే ఉంటుంది.