ఫ్యాన్సీ నంబరుకు అంత ధర ఎందుకు?



హాస్టల్లో చేరిన రోజు నుంచే మనకు నంబర్లతో స్నేహం మొదలవుతుంది. కంచం మీద నంబరు, ట్రంకు పెట్టె మీద నంబరు, హాజరు పట్టీలో నంబరు, పదో తరగతిలో హాల్‌టికెట్ నంబరు. వీటిలో మనం కోరుకున్నది ఒక్కటీ లేదు, కొనుక్కున్నది అంతకన్నా లేదు. ఇచ్చింది తీసుకున్నాం, అంతే.

అలాంటి మనకు ఒక వార్త వింతగా అనిపిస్తుంది. 2024 ఆగస్టులో హైదరాబాదు ఖైరతాబాద్ ఆర్టీఏ కార్యాలయంలో టీజీ 09 సిరీస్‌లోని 9999 నంబరు 25 లక్షల 50 వేల రూపాయలకు పోయింది. ఆ డబ్బుతో ఒక మంచి కారే కొనుక్కోవచ్చు కదా! కేవలం నాలుగు అంకెలకు అంత ధర ఎందుకు పెడతారు? కాస్త వివరంగా చూద్దాం.

నంబరు ప్లేటు ఎలా వచ్చింది?

రోడ్ల మీద మోటారు కార్లు పెరిగాక, ఎవరి కారు ఎవరిదో తెలియాల్సిన అవసరం వచ్చింది. బ్రిటన్‌లో 1903లో చట్టం చేసి, 1904 జనవరి 1 నుంచి ప్రతి కారుకూ నంబరు ఉండాలన్నారు. అంటే మన కంచం మీది నంబరూ, కారు మీది నంబరూ ఒకే పని కోసం పుట్టినవి. వస్తువు ఎవరిదో చెప్పడమే వాటి పని.

మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 1989 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నంబర్లు ఇస్తున్నారు. మొదటి రెండక్షరాలు రాష్ట్రానివి. తర్వాతి అంకెలు సాధారణంగా జిల్లాను లేదా ఆర్టీఏ కార్యాలయాన్ని తెలుపుతాయి. ఆ తర్వాత సిరీస్ అక్షరాలు, చివర 1 నుంచి 9999 వరకు ఒక సంఖ్య. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ 15 అంటే కరీంనగర్, ఏపీ 21 అంటే కర్నూలు అని చిన్నపిల్లలు కూడా చెప్పేవారు. ఆర్టీసీ బస్సు నంబరులో జడ్, పోలీసు బండి నంబరులో పీ అక్షరం ఉండటం మీరు గమనించే ఉంటారు. 2014లో తెలంగాణకు టీఎస్ వచ్చింది, 2024లో అది టీజీ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జిల్లా కోడ్‌ల స్థానంలో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 మొదలుపెట్టారు.

బ్రిటన్‌లోలాగా మన పేరు వచ్చేట్టు అక్షరాలు కూర్చుకునే వీలు ఇక్కడ లేదు. చివరి సంఖ్యను మాత్రం కోరుకోవచ్చు. గిరాకీ ఉన్న నంబర్లకు ప్రభుత్వం ముందుగానే కనీస రుసుము నిర్ణయిస్తుంది. ఒక్కరే అడిగితే ఆ రుసుముకే ఇస్తారు. ఇద్దరు ముగ్గురు అడిగితే వేలం పెడతారు. ఎక్కువ పాడినవారిదే నంబరు.

ఎందుకు కొంటారు?

మొదటి కారణం అరుదు. ఒక సిరీస్‌లో 9999 ఒక్కసారే వస్తుంది. కార్లు ఎన్నయినా తయారు చేయొచ్చు, ఆ నంబరును మాత్రం రెండోది తయారు చేయలేం. ఉన్నది ఒక్కటి, కోరేవారు పదిమంది అయినప్పుడు ధర ఆకాశానికి పోతుంది. ఇది మనం ఎకనామిక్స్‌లో చదువుకున్న డిమాండు, సప్లయి సూత్రమే.

రెండో కారణం నమ్మకం. 9999లోని అంకెలు కలిపితే 36, మళ్లీ కలిపితే 9. తొమ్మిది మంచిదని మనవాళ్లలో చాలామంది నమ్మకం. 1116 కావాలనేవారికి మన కట్నకానుకల్లోని వెయ్యినూటపదహార్లు గుర్తుంటాయి. ముస్లిం సోదరుల్లో అనేకులకు 786 పవిత్రం. ఎనిమిది శని సంఖ్య అని ఇక్కడ కొందరు భయపడతారు. అదే హాంకాంగ్‌లో ఎనిమిది అంటే ప్రాణం. చైనా భాషలో దాని ఉచ్చారణ సంపద అనే అర్థమిచ్చే మాటకు దగ్గరగా ఉంటుందట. నాలుగంటే చావు అనే మాటలా వినిపిస్తుందని దూరం పెడతారు. 28 అనే ప్లేటు 2016లో అక్కడ 1 కోటి 81 లక్షల హాంకాంగ్ డాలర్లకు అమ్ముడైంది. ఇక మన 420 సంగతి చూడండి. మోసానికి సంబంధించిన ఆ సెక్షన్ ఉన్న ఐపీసీ 2024 జూలై 1న పోయి, దాని చోట భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అయినా 420 అంటే మనకు నవ్వే వస్తుంది. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? అంకెల్లో మంచీ చెడూ లేవు. అవి మనుషులు పెట్టినవే.

మూడో కారణం జ్ఞాపకం. పుట్టినరోజు, పెళ్లిరోజు, నాన్నగారి పాత స్కూటరు నంబరు, ఇలా ఏదో ఒకటి. ఇలాంటి నంబర్లకు పోటీ తక్కువ కాబట్టి ఖర్చూ తక్కువే.

నాలుగో కారణం గొప్ప. అమెరికా ఆర్థికవేత్త థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే దీని గురించి రాశాడు. కొందరు వస్తువును అవసరం కోసం కాకుండా తమ స్థాయి నలుగురికీ కనిపించడం కోసం కొంటారని ఆయన వివరించాడు. ఖరీదైన కార్లు ఊళ్లో నాలుగు ఉండొచ్చు. 9999 ఉన్న కారు వస్తే మాత్రం జనం తలతిప్పి చూస్తారు. ఆ చూపుకే ఆ ధర.

ఐదో కారణం పెట్టుబడి. బ్రిటన్‌లో నంబరును కారు నుంచి విడదీసి వేరే వారికి అమ్ముకోవచ్చు. 1989 నుంచి అక్కడి ప్రభుత్వమే నచ్చిన నంబర్లను అమ్ముతోంది. 2014లో '25 ఓ' అనే ప్లేటు 5 లక్షల 18 వేల పౌండ్లకు పోయింది. అది ఫెరారీ 250 అనే పాత కారు పేరును గుర్తుచేయడమే కారణం.

పాట పాడటం తేలిక, డబ్బు కట్టడం కష్టం. హర్యానాలో 2025 నవంబరులో హెచ్ఆర్ 88 బీ 8888 నంబరు పాట 1 కోటి 17 లక్షల దాకా వెళ్లింది. ఇంగ్లీషు బీ అక్షరం కూడా ఎనిమిదిలా కనబడటం దాని ప్రత్యేకత. తీరా పాడినవారు గడువులోగా డబ్బు కట్టలేదు!

ఆ డబ్బు ఎక్కడికి పోతుంది?

ఇక్కడే మనకు సంబంధించిన విషయం ఉంది. మన రాష్ట్రాల్లో వేలం సొమ్ము ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. మన మెస్ ఛార్జీలు వచ్చేదీ ఖజానా నుంచే. తెలంగాణలో 2024లో పెంచిన లెక్క ప్రకారం 8 నుంచి 10వ తరగతి విద్యార్థికి నెలకు 1,540 రూపాయలు. ఆ 25 లక్షల 50 వేలను భాగించి చూడండి. దాదాపు 165 మంది విద్యార్థులకు పది నెలల భోజనం!

ఈ లెక్క చూసి కోపం తెచ్చుకోనక్కర్లేదు. ఉప్పు మీదా, సబ్బు మీదా పన్ను వేస్తే పేదవాడి మీద భారం పడుతుంది. ఫ్యాన్సీ నంబరు సొమ్ము మాత్రం ఉన్నవాడు తనంతట తాను, పోటీపడి కట్టేది. దుబాయిలో 2023 ఏప్రిల్‌లో పీ 7 అనే ప్లేటు 5 కోట్ల 50 లక్షల దిర్హాములకు పోయింది. మన డబ్బులో 120 కోట్ల రూపాయలకు పైమాటే. ఆ వేలం సొమ్మును ఆకలితో ఉన్నవారికి అన్నం పెట్టే పథకానికి ఇచ్చారు. మన దగ్గర కూడా ఇందులో కొంత భాగమైనా ఫలానా హాస్టళ్లకు, ఫలానా గ్రంథాలయాలకు అని ముందే ప్రకటిస్తే ఎంత బాగుంటుంది! పాడేవారికీ తృప్తి, తినేవారికీ తృప్తి.

చివరగా ఒక మాట

మన అన్నలూ అక్కలూ ఉద్యోగాల్లో చేరుతున్నారు, బండ్లు కొంటున్నారు. ఎంతో సంతోషం. ఇంట్లో మొదటి బండి అది. దానికి నచ్చిన నంబరు ఉండాలనుకోవడం తప్పేమీ కాదు. చిన్నప్పటి నుంచి ఎవరో ఇచ్చిన నంబరుతోనే బతికినవారికి ఆ కోరిక ఇంకా ఎక్కువే ఉంటుంది. కానీ అప్పు చేసి మాత్రం కొనకండి. వరుసలో వచ్చిన నంబరుతో కూడా బండి అంతే వేగంగా పోతుంది, అంతే పెట్రోలు తాగుతుంది. పైగా ఫ్యాన్సీ నంబరు జనానికే కాదు, ట్రాఫిక్ పోలీసులకు కూడా బాగా గుర్తుంటుంది!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! డబ్బు పెట్టి కొనలేని నంబర్లు కూడా ఉన్నాయి. పరీక్షా ఫలితాల్లో మన హాల్‌టికెట్ నంబరు పక్కన కనిపించే మార్కులు ఏ వేలంలోనూ దొరకవు. అవి చదివి తెచ్చుకోవలసిందే.